ఎవరు ఏ పనికి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. భోజనాల ముందు మాట్లాడేవాడికి అంతకన్నా ఎక్కువ ఇవ్వకూడదు కూడా. ముప్ఫై ఏళ్లకు పైగా ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే పని చేశాను కాబట్టి, పర్సనాలిటీ ప్రొఫైల్స్ చూసి మంచి టీమ్ కట్టుకోవడం ఎలాగో చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఇప్పుడే ఎందుకు అడిగారో కూడా మీకు చెప్పాలి. స్వర్ణోత్సవం సందర్భంగా మన బడి పదో తరగతి పిల్లలందరికీ ఒక పర్సనాలిటీ టెస్టు పెట్టించి, ఎవరు ఎంపీసీకి, ఎవరు బైపీసీకి, ఎవరు సీఈసీకి సరిపోతారో రిపోర్టులు ఇప్పిద్దామన్న ప్రతిపాదన కార్యవర్గం ముందుంది. ఖర్చు పెట్టుకునే దాతలు కూడా సిద్ధంగా ఉన్నారు. వచ్చే నెల సమావేశంలో తేలుస్తారట. దాని మీద నా అభిప్రాయం చెబుతాను గానీ, ముందు ఈ టెస్టులు ఎక్కడినుంచి వచ్చాయో, ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం.

హైటెక్ సిటీలో పనిచేసే మన కుర్రాళ్లలో చాలామందికి ఇంటిపేరు కాక నాలుగక్షరాల పేరొకటి ఉంటుంది. ఐఎన్‌టీజే అనో, ఈఎస్‌ఎఫ్‌పీ అనో. కంపెనీవాళ్లు ఏ రిసార్టుకో తీసుకెళ్లి తొంభైకి పైగా ప్రశ్నలిచ్చి, సాయంత్రానికి ఆ పేరు పెట్టి పంపిస్తారు. దాన్ని మైయర్స్-బ్రిగ్స్ టెస్టు అంటారు. మనుషుల రకాల మీద కార్ల్ యుంగ్ పుస్తకం 1921లో వచ్చింది. దాని ఆధారంగా అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్ అనే తల్లి, ఇసబెల్ మైయర్స్ అనే కూతురు దీన్ని తయారుచేశారు. ఇద్దరూ మనస్తత్వశాస్త్రం కాలేజీలో చదివినవాళ్లు కారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కొత్తగా ఫ్యాక్టరీ పనులకు వస్తున్న ఆడవాళ్లకు తమకు నప్పే పనేదో తెలిస్తే బాగుంటుందని ఇసబెల్ అనుకుంది. ఉద్దేశం మంచిదే. ఈ టెస్టును ఉద్యోగాల ఎంపికకు వాడవద్దని దాన్ని అమ్మే సంస్థే చెబుతుంది. ఆ మాట మాత్రం మన ఆఫీసులదాకా రాలేదు.

నేను ఎక్కువగా వాడింది ఇంకొకటి. దాని కథకు మన ఊరితో ఒక చుట్టరికం ఉంది.

ట్యాంక్‌బండ్ దాటి రాజ్‌భవన్ వైపు వెళ్తే బెల్లా విస్టా అనే పాత భవనం ఉంటుంది. ఒకప్పుడు నిజాం పెద్ద కొడుకు, ప్రిన్స్ ఆఫ్ బేరార్ నివాసం. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఆఫ్ ఇండియా అందులోనే ఉంది. భారత సైన్యాధిపతిగా పనిచేసి రిటైరైన జనరల్ శ్రీనగేశ్ దానికి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఇంగ్లండ్‌లో థేమ్స్ నది ఒడ్డున హెన్లీ అనే ఊళ్లో ఉన్న స్టాఫ్ కాలేజీ నమూనాగా దీన్ని పెట్టారు. అక్కడి పద్ధతి ఏమిటంటే, ప్రభుత్వ అధికారులు, ప్రైవేటు కంపెనీల మేనేజర్లు, బ్యాంకులవాళ్లు అందరినీ చిన్న చిన్న బృందాలుగా కలిపేస్తారు. ఆ బృందాన్ని సిండికేట్ అంటారు. లెక్చర్లు తక్కువ. నలుగురూ కూర్చుని ఒక సమస్య తేల్చాలి. ఒక్కో సమస్యకు ఒక్కొక్కరు అధ్యక్షులు. ఆ పద్ధతే బెల్లా విస్టాకూ వచ్చింది.

ఆ హెన్లీలోనే 1970ల ప్రాంతంలో మెరెడిత్ బెల్బిన్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి ఒక పని చేశాడు. అక్కడికి వచ్చే మేనేజర్లకు మానసిక పరీక్షలు పెట్టేవాడు. తర్వాత వాళ్లను జట్లుగా విడదీసి, ఊహా కంపెనీలు నడిపే ఒక వ్యాపార ఆట ఆడించేవాడు. పరిశీలకులు పక్కన కూర్చుని ఎవరు ఏం మాట్లాడారో, ఏం చేశారో అరనిమిషానికోసారి రాసుకునేవారు. ఆట చివర ఏ జట్టు దగ్గర ఎక్కువ డబ్బుంటే అది గెలిచినట్టు. బెల్బిన్‌కు తోడుగా పనిచేసినవారిలో ఒకరు గణితం తెలిసిన చదరంగం ఆటగాడు, ఒకరు మానవశాస్త్రం చదివినావిడ. ఆయన సొంత జట్టే రకరకాల మనుషులతో కూడినదన్నమాట.

బుద్ధి పరీక్షల్లో బాగా ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లందరినీ ఒకే జట్టులో వేస్తే ఏమవుతుందో చూశాడాయన. చంద్రయానపు రోజులు కదా, ఆ జట్లకు అపోలో అని పేరు పెట్టాడు. అలాంటివి 25 జట్లు కడితే గెలిచినవి మూడే. చాలాసార్లు వెనక వరుసలో మిగిలాయి. కారణం వింటే మన అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగు గుర్తొస్తుంది. ప్రతివాడికీ ఎదుటివాడి మాటలో తప్పు కనిపిస్తుంది, ఎవడూ ఎవడి మాటా వినడు, చెయ్యవలసిన మామూలు పనులు ఎవరికీ పట్టవు. ఓడిపోయాక ఒకర్నొకరు తప్పుపట్టడం మానేసి మర్యాదలకు దిగుతారు. అప్పుడు అసలు నిర్ణయమే జరగదు.

ఈ పనంతా 1981లో పుస్తకంగా వచ్చింది. జట్టులో మనుషులు వేసే పాత్రలు మొదట ఎనిమిది అన్నాడు, తర్వాత స్పెషలిస్టును కలిపి తొమ్మిది చేశాడు. వాటి ఇంగ్లిషు పేర్లు చెబితే మీకు నిద్ర వస్తుంది. దానికి బదులు మన ఇళ్లలో ఒక పెళ్లి తలుచుకోండి.

మండపం పూలపల్లకిలా ఉండాలి, పెళ్లికొడుకు గుర్రం మీద రావాలి అని కలలు కనే మేనమామ ఒకడుంటాడు. బెల్బిన్ అతన్ని ప్లాంట్ అంటాడు. ఊహలు నాటేవాడు. అతనికి చేతిలో ఎంతుందో తెలియదు. మోండా మార్కెట్‌లో ప్రతి కూరగాయల షాపువాడూ పేరు పెట్టి పిలిచే బాబాయి ఒకడు. ఎక్కడ ఏది చవకో, ఎవరి దగ్గర ఇన్నోవా దొరుకుతుందో అతనికి తెలుసు. రిసోర్స్ ఇన్వెస్టిగేటర్. వారం తర్వాత ఆ ఉత్సాహం ఉండదు. ‘ఇంకా పత్రికలు అచ్చు కాలేదా’ అని అందరినీ తరిమే పెద్దన్న షేపర్. ‘అంత ఎందుకు, ఈ ఖర్చు మనకు అవసరమా’ అని ప్రతిదానికీ అడ్డుపడే బావగారు మానిటర్ ఎవాల్యుయేటర్. ఆయన్ని ఎవరూ మెచ్చుకోరు, కానీ అప్పుల్లో పడకుండా కాపాడింది ఆయనే. పెళ్లివారి అలకలు తీర్చే పెద్దమ్మ టీమ్ వర్కర్. చెప్పిన పని చెప్పినట్టు, మారు మాట్లాడకుండా చేసుకుపోయే తమ్ముడు ఇంప్లిమెంటర్. రాత్రి పన్నెండు గంటలకు మంగళసూత్రం ఏ సంచిలో ఉందో మూడోసారి చూసుకునే పిన్ని కంప్లీటర్ ఫినిషర్. ఆవిడ నిద్రపోదు, ఇంకొకరిని నిద్రపోనివ్వదు. ఎవరి మాట ఎప్పుడు వినాలో తెలిసిన తాతగారు కోఆర్డినేటర్. పురోహితుడు స్పెషలిస్టు. ఆయన్ని వంటల గురించి అడగం.

వీళ్లలో ఎవరు లేకపోయినా పెళ్లి ఎక్కడో ఒకచోట చెడుతుంది. అందరూ మేనమామలే అయితే మండపం లేస్తుంది గానీ భోజనాలు ఉండవు.

ఈ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఒకే ఒక్క మాట. ప్రతి మంచి గుణానికీ తోడుగా ఒక బలహీనత ఉంటుంది, ఆ గుణం కావాలంటే ఆ బలహీనతను కొంతవరకు ఒప్పుకోవాలి అంటాడు బెల్బిన్. పిన్ని అంత జాగ్రత్త కావాలంటే ఆవిడ ఆందోళన కూడా భరించాలి. మన దగ్గర జరిగేది తలకిందులు. ఏటా అప్రైజల్‌లో ఆ బలహీనతనే ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, వచ్చే ఏడాదికి మార్చుకోమంటాం. అది పోతే దాంతోపాటు ఏం పోతుందో అడగం.

మాదాపూర్‌లో ఒక ఆఫీసులో జరిగినది చెబుతాను. ఏడుగురి టీమ్. అందరూ చురుకైనవాళ్లు, అందరివీ మంచి మార్కులు. ప్రతి రిలీజూ ఆలస్యమే. మేనేజరు వాళ్లకు టైమ్ మేనేజ్‌మెంట్ క్లాసు పెట్టించాలని నన్ను పిలిచాడు. క్లాసు పెట్టకుండా ముందు ఆ పనిని బోర్డు మీద రాయించాను. మొదటి రోజు ఏం కావాలి, నెల తర్వాత ఏం కావాలి, చివరి వారంలో ఏం కావాలి. తర్వాత ఎవరి గురించి వాళ్లు రాసినది, పక్కవాళ్లు వాళ్ల గురించి రాసినది రెండూ పక్కపక్కన పెట్టాం. ఏడుగురిలో ఐదుగురు మేనమామలు, ఇద్దరు పెద్దన్నలు. చివరి వారంలో అవసరమయ్యే మనిషి ఒక్కరూ లేరు. ఆ మనిషి పక్క గదిలో ఉంది. టెస్టింగ్ చేసే వరంగల్ అమ్మాయి. పని పూర్తయ్యాక లోపాలు వెతకమని ఆమెకు పంపేవారు, ఆమె పట్టుకున్నవి చూసి విసుక్కునేవారు. ఆమెను మొదటి రోజు మీటింగులోనే కూర్చోబెట్టమన్నాను. మూడు వారాలు అందరూ సణిగారు. ప్రతి ఆలోచనకూ చిల్లు పెడుతోందన్నారు. నాలుగో వారానికి, ఆ చిల్లులు రిలీజు రోజున కాక ముందే కనిపించడం మంచిదని వాళ్లకే తోచింది. అద్భుతాలేమీ జరగలేదు. ఒక్కో రిలీజు చెప్పిన తేదీకి దగ్గరగా వెళ్లడం మొదలైంది, అంతే.

ముందు పనిని చూశాం, తర్వాతే మనుషులను చూశామన్నది ఇక్కడ గమనించండి. ప్రొఫైల్ పనికొచ్చింది ఖాళీ ఎక్కడుందో పట్టుకోవడానికి. ఎవరు గొప్పో తేల్చడానికి దాన్ని వాడలేదు.

సరిగ్గా ఇలాంటి కాగితమే ఇంకో కంపెనీలో ఇంకోలా పనిచేయడం చూశాను. పేరు అనవసరం. ఒకమ్మాయి రెండేళ్లుగా ఫోన్లో విదేశీ క్లయింట్లతో చక్కగా నెగ్గుకొస్తోంది. అక్కడికి వెళ్లి పనిచేసే అవకాశం వచ్చినప్పుడు ఆమె పేరు తీసేశారు. కారణం అడిగితే ‘రిపోర్టులో ఇంట్రావర్ట్ అని ఉంది’ అన్నారు. రెండేళ్ల పని కళ్లముందుంది, నలభై నిమిషాల టెస్టు కాగితం మీద ఉంది. కాగితం గెలిచింది. ఆమె ఆరు నెలల్లో ఉద్యోగం మానేసింది. ఇలాంటివి ఫైళ్లలో కనబడవు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు, కాబట్టి ఫిర్యాదు కూడా ఉండదు.

ఆ కాగితాన్ని మనం అంతగా ఎందుకు నమ్ముతాం? 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే అమెరికా ప్రొఫెసర్ తన క్లాసులో 39 మంది విద్యార్థులకు ఒక పర్సనాలిటీ టెస్టు పెట్టి, వారం తర్వాత ఒక్కొక్కరికి వాళ్ల రిపోర్టు ఇచ్చాడు. ఎంతవరకు సరిపోయిందో అయిదుకు మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వచ్చింది. తర్వాత తెలిసిందేమిటంటే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు జాతకాల పుస్తకంలోంచి తీసుకున్నవి. మన స్టేషన్ దగ్గర చిలకజోస్యం చెప్పేవాళ్లకు ఈ సంగతి ప్రొఫెసర్ కన్నా ముందే తెలుసు. చిలక తీసిన కార్డు చదివినప్పుడు తల ఊపనివాడు నాకు కనపడలేదు.

మైయర్స్-బ్రిగ్స్ టెస్టు కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారుతుంది. బెల్బిన్ ప్రశ్నపత్రం కూడా గట్టిగా నిలబడే కొలత కాదని 1993లో ఏడ్రియన్ ఫర్న్‌హామ్, ఆయన తోటివారు విమర్శించారు. నేను వాడినదాన్నే విమర్శించారు కాబట్టి దాచడం బాగుండదు. అందుకే నేను ఎప్పుడూ పక్కవాళ్ల అభిప్రాయం కూడా కలిపి తీసుకునేవాణ్ణి. ఒకరు తన గురించి తాను రాసుకున్నదానికన్నా, రోజూ పక్కన పనిచేసే నలుగురు చెప్పినది నయం.

ఇక్కడ సగం మంది రైల్వే కుటుంబాలవాళ్లు. మీరు అడగవచ్చు, మరి లోకో పైలట్లకు సైకో టెస్టు పెడతారు కదా అని. అది వేరే సంగతి. అక్కడ కొలిచేది జ్ఞాపకం, గమనింపు, దూరాలు అంచనా వేయడం, కంటికి కనపడినదాన్ని చప్పున గ్రహించడం లాంటివి. ఇంజన్ నడపడానికి అవి కావాలని పనిని చూసి నిర్ణయించారు. ప్రతి భాగంలోనూ విడిగా పాసవ్వాలి. పని ఏదో స్పష్టంగా తెలిసినప్పుడు, దానికి కావలసిన శక్తిని కొలవడం న్యాయమే. ‘మీరు పార్టీల్లో కలివిడిగా ఉంటారా’ అని అడిగి ఇంజన్ ఇవ్వరు.

జట్టు కట్టడంలో మన ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ పేరు పిల్లలకు ఈమధ్య సినిమా వల్ల తెలిసి ఉంటుంది. వృత్తిరీత్యా బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు, ఇండియా జట్టుకు కోచ్. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్‌ను పట్టుకుని ఆటగాణ్ణి చేసింది ఆయనే. ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దెకు ఇచ్చి రప్పించుకున్నారని బలరామ్ చెప్పుకునేవారు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఏం జరిగిందో చూడండి. డిఫెన్స్‌కు వెన్నెముకలాంటి జర్నైల్ సింగ్‌కు థాయిలాండ్‌తో మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొక కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. రహీమ్ సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, కొరియాతో ఫైనల్లో గోల్ కొట్టాడు. 2-1తో బంగారం మనకొచ్చింది. జర్నైల్ సింగ్ ప్రొఫైల్ కాగితం మీద ఉండి ఉంటే ‘డిఫెండర్’ అని మాత్రమే ఉండేది. రహీమ్ సాబ్ ఏళ్లుగా మనిషిని చూశారు, ఆ రోజు ఆటకు ఏం కావాలో చూశారు.

ఇంకొక ఉదాహరణ చెప్పి పిల్లల సంగతికి వస్తాను. యూసుఫ్‌గూడలో ఇప్పుడు నిమ్స్‌మే అంటున్న సంస్థ పాతరోజుల్లో సియెట్. చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ. 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడ నుంచి యాభైమందికి పైగా వ్యాపారులను బ్యాచులుగా ఇక్కడికి రప్పించి, పది రోజుల చొప్పున శిక్షణ ఇప్పించాడు. బొమ్మలు చూపించి కథలు రాయించి, ఆ కథల్లో ఏదైనా సాధించాలన్న తపన ఎంతుందో లెక్కగట్టే పద్ధతి ఆయనది. కానీ లెక్కగట్టి ఊరుకోలేదు. ఆ తపనను శిక్షణతో పెంచవచ్చా అన్నదే ఆయన ప్రశ్న. పోల్చి చూడటానికి రాజమండ్రివాళ్లను తీసుకున్నాడు. శిక్షణ పొందిన కాకినాడవాళ్లు తర్వాతి రెండేళ్లలో వ్యాపారాల్లో ఎక్కువ చొరవ చూపారని 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి రాసిన పుస్తకంలో చెప్పాడు. పాత ఆచారాలు పాటించేవాళ్లు వెనకబడతారన్న అనుమానం కూడా అక్కడ నిలవలేదు. పెళ్లాం పిల్లలున్న, దుకాణాలు నడుపుతున్న పెద్దవాళ్లే పది రోజుల్లో అంతో ఇంతో మారితే, పదిహేనేళ్ల పిల్లలకు మనం ఏ ముద్ర వేయగలం?

అందుకని నా అభిప్రాయం ఇది. పదో తరగతి పిల్లలకు గ్రూపు చెప్పే రిపోర్టులు ఇప్పించవద్దు. ‘నువ్వు లెక్కల మనిషివి కాదు’ అని మన సంఘం ముద్రతో ఒక కాగితం ఇంటికి వెళితే, అమ్మానాన్నలు దాన్ని పటం కట్టి పెట్టుకుంటారు. ఆ పిల్ల దాన్ని నమ్ముతుంది. దాతలకు కోపం రావచ్చు. వారి డబ్బును వేరేలా వాడుకునే మార్గం నేను చెబుతాను.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను ఆరుగురేసి జట్లుగా చేసి ఏడాదికి నాలుగు పనులు ఇద్దాం. ఒకసారి బడి గోడ పత్రిక, ఒకసారి సైన్స్ ఫెయిర్, ఒకసారి బోనాలప్పుడు మహంకాళి గుడి దారిలో మంచినీళ్ల పందిరి, ఒకసారి ఆటల పోటీల ఏర్పాట్లు. ప్రతి పనికీ పాత్రలు మారాలి. ఈసారి లెక్కలు రాసిన పిల్లవాడు వచ్చేసారి షాపుల చుట్టూ తిరిగి బేరం ఆడాలి. పని అయ్యాక ఒకరి గురించి ఒకరు రెండు వాక్యాలు రాయాలి. ఒకటి అతను చేసిన మంచి పని, ఇంకొకటి దానికోసం మేం ఓర్చుకున్నది. ఆ కాగితాలు పిల్లల దగ్గరే ఉంటాయి, ఆఫీసు ఫైల్లోకి వెళ్లవు. పదో తరగతికి వచ్చేసరికి ఏ పనిలో తనకు ఉత్సాహం వస్తుందో ఆ పిల్లకు కొంత తెలుస్తుంది. కొంతే. అది చాలు.

ప్రొఫైల్ తప్పనిసరిగా చేయించాల్సిన వాళ్లు ఒకరున్నారు. మన కార్యవర్గం. యాభై ఏళ్ల సంఘం, పదకొండు మంది సభ్యులం. సావనీరుకు వ్యాసాలు తెచ్చినవాళ్లు ముగ్గురు, ప్రకటనలు తెచ్చినవాళ్లు నలుగురు. ప్రూఫులు దిద్దడానికి మాత్రం చివరి వారంలో మనిషి దొరక్క రిటైరైన మన తెలుగు టీచర్‌ను బతిమాలుకున్నాం. మనలో పిన్ని లేదని నాకు అప్పుడే తెలిసింది. (నవ్వులు.) టీచర్ ముందే కూర్చున్నారు, ఆవిడకు నా నమస్కారం.

పిల్లల జట్లకు ఒక్కోదానికి ఒక పెద్ద తోడుండాలి. నెలకు రెండు శనివారాలు బడికి రాగలిగినవాళ్లు కావాలి. హైటెక్ సిటీవాళ్లే కాదు, రిటైరైన గార్డులు, ఇంట్లో ఉండే అక్కయ్యలు, షాపులు నడిపేవాళ్లు అందరూ పనికొస్తారు. భోజనాల దగ్గర, పెరుగన్నం కౌంటరు పక్కన, ఒక నోట్‌బుక్ పెట్టించాను. పేరు, ఫోన్ నంబరు, ఏ శనివారం వీలవుతుందో రాయండి. దయచేసి మీ నాలుగక్షరాలు రాయకండి.